రేడియోలో ఛాంబర్ మ్యూజిక్ కచేరీ: వయోలా వినబడేదాకా ఏం చేయాలి

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఇద్దరు మొదలుకొని ఎనిమిది తొమ్మిది మంది దాకా, చేతి సైగలతో నడిపించే కండక్టర్ లేకుండా, ఒక్కో స్వరవరుసను ఒక్కరే వాయిస్తూ చేసే కచేరీని ఛాంబర్ మ్యూజిక్ అంటారు. ఆర్కెస్ట్రాలో ఒకే స్వరాన్ని పదీ పదిహేను వయొలిన్లు కలిసి వాయిస్తాయి. ఇక్కడ ఆ దన్ను లేదు. స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన ఒక వయోలా, ఇంకా పెద్దదైన ఒక చెల్లో. ఆ నాలుగు గొంతులూ విడివిడిగా చెవికి అందితేనే విన్నట్టు. హాల్లో కూర్చుంటే ఎవరి కమాను కదులుతోందో కంటికి కనిపిస్తుంది. రేడియో ముందు కూర్చున్నప్పుడు ఆ పని కూడా చెవే చేయాలి.

అన్నీ సరిగా అమర్చుకున్నామా లేదా అని తేల్చే పరీక్ష ఒకటుంది: వయోలా వినబడుతోందా? మొదటి వయొలిన్ ఎంత నాసిరకం సెట్టులోనైనా పైకి తేలుతుంది. చెల్లో కాస్త మంచి స్పీకర్ ఉంటే వచ్చేస్తుంది. మధ్యలో ఉండే వయోలా మాత్రం సిగ్నల్ బాగా లేకపోయినా, స్పీకర్ చిన్నదైనా, గదిలో ఫ్యాన్ తిరుగుతున్నా ముందుగా మాయమయ్యేది. కింద చెప్పేవన్నీ దాన్ని నిలబెట్టుకోవడానికే.

ముందు వేళ చూసుకోండి

ప్రజా ప్రసార సంస్థలు నడిపే శాస్త్రీయ సంగీత స్టేషన్లలోనే ఈ కచేరీలు ఎక్కువగా వస్తాయి. బ్రిటన్‌లో బీబీసీ రేడియో 3, ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్ ముజీక్, జర్మనీలో బీఆర్ క్లాసిక్, ఆస్ట్రేలియాలో ఏబీసీ క్లాసిక్ అలాంటివి. లండన్‌లోని విగ్మోర్ హాల్ 1901లో బెక్‌స్టైన్ హాల్ పేరుతో మొదలైంది. సుమారు 550 సీట్ల చిన్న హాలు, క్వార్టెట్లకు కొలిచి కట్టినట్టుంటుంది. అక్కడి సోమవారం మధ్యాహ్నపు కచేరీలను రేడియో 3 ఏళ్ల తరబడి ప్రత్యక్షంగా ఇస్తూ వస్తోంది. కొత్తగా వినేవాళ్లు మధ్యాహ్నపు కచేరీలతో మొదలుపెట్టడం మేలు. విరామం లేకుండా గంటలో ముగుస్తాయి, రెండు మూడు రచనలే ఉంటాయి. సాయంత్రం కచేరీ అయితే మధ్యలో ఇరవై నిమిషాల విరామంతో రెండు గంటలు పడుతుంది.

మన స్టేషన్‌లో మరో దేశపు కచేరీ వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్‌లోని స్టేషన్లు తమ రికార్డింగులను ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒకచోట తప్పిపోయిన కచేరీ కొన్ని వారాలకు ఇంకోచోట దొరకడం అందుకే. స్టేషన్ పేరుతో కాకుండా బృందం పేరు, రచన పేరు, కచేరీ తేదీతో వెతకండి.

వేరే దేశపు స్టేషన్ వింటుంటే ఏడాదికి రెండుసార్లు వేళ తప్పుతుంది. యూరప్‌లో గడియారాలు మార్చి చివరి ఆదివారం ఒక గంట ముందుకు, అక్టోబర్ చివరి ఆదివారం ఒక గంట వెనక్కు జరుగుతాయి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. మీరున్న చోట గడియారం కదలకపోతే మీకు కచేరీ గంట అటో ఇటో అవుతుంది. ఫోన్ క్యాలెండర్‌లో ఆ కార్యక్రమాన్ని మీ సమయంలో కాకుండా ఆ ఊరి సమయ మండలంలో నమోదు చేస్తే, మార్పు దానంతటదే సర్దుకుంటుంది.

ఇంకో మాట. ప్రకటించిన వేళకు పది నిమిషాల ముందే పెట్టండి. ఏ రచన, ఏ వరసలో, ఎన్ని భాగాలు అన్నది ప్రకటనకర్త అప్పుడే చెప్పేస్తారు. అది చేజారితే తర్వాతి గంటంతా తడుముకోవాల్సిందే.

సిగ్నల్

ఎఫ్ఎంలో వింటే శబ్దం 15 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది, క్వార్టెట్‌కు అది చాలు. చిక్కంతా హిస్‌తో, అంటే వెనక వినబడే బుసతో. స్టీరియో ప్రసారంలో హిస్ మోనోలో కన్నా దాదాపు 20 డెసిబెల్స్ ఎక్కువ. మాటల కార్యక్రమాల్లో తెలియదు కానీ, నాలుగు తీగ వాద్యాలు మెల్లగా వాయించేటప్పుడు ఆ బుస వాటి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. కాబట్టి సిగ్నల్ బలహీనంగా ఉంటే మొహమాటం లేకుండా మోనోకు మార్చేయండి. ఎడమ కుడి తేడా పోతుంది, వయోలా మిగులుతుంది.

దానికన్నా ముందు ఏంటెన్నా చూడండి. ఎఫ్ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. లాగే ఏంటెన్నా దాంట్లో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్లు ఉంటే బాగా పట్టుకుంటుంది. ట్యూనర్‌కు వచ్చే టీ ఆకారపు వైరు ఏంటెన్నా అయితే చేతులు రెండూ బారుగా చాచి 1.5 మీటర్లు ఉండాలి. చుట్టి సెట్టు వెనక పడేస్తే లేనట్టే. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి వినండి. కొన్ని స్టేషన్ల ప్రసారం నిలువుగా, కొన్నిటిది అడ్డంగా, కొన్నిటిది రెండు విధాలా ఉంటుంది. హిస్ లేకుండానే పియానో గట్టి స్వరాలు గరగరమంటుంటే, లేదా ప్రకటనకర్త ‘స’ పలికినప్పుడల్లా శబ్దం చీలుతుంటే, అది సిగ్నల్ బలహీనత కాదు. గోడలకు, భవనాలకు తగిలి తిరిగొచ్చిన తరంగం అసలు తరంగంతో కలిసి పాడుచేస్తోంది. ఏంటెన్నాను అర మీటరు పక్కకు జరిపితే చాలాసార్లు సరిపోతుంది. ఫోన్ చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు కూడా సెట్టుకు దగ్గరుంటే గోల చేస్తాయి. ఒక్కొక్కటే ఆపి చూడండి.

ఇంటర్నెట్‌లో వినేవాళ్లకు హిస్ బెడద లేదు కానీ బిట్ రేట్, అంటే సెకనుకు ఎంత డేటా వస్తోందో, చూసుకోవాలి. ఒకే స్టేషన్ రెండు మూడు రకాల స్ట్రీములు ఇస్తుంటుంది, యాప్ తనంతట తాను తక్కువది ఎంచుకోవచ్చు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎక్కువది పెట్టండి. సెకనుకు 320 కిలోబిట్ల స్ట్రీముకు గంటకు 144 ఎంబీ, 128కి 58 ఎంబీ ఖర్చవుతుంది. ఎంపీ3లో 128కి దిగితే నష్టం ఎక్కడ తెలుస్తుందంటే చప్పట్లలో. చప్పట్లు విడివిడిగా కాకుండా నీళ్లు పారుతున్నట్టు వినబడితే ఆ స్ట్రీము సరిపోదు. వయొలిన్ పై స్థాయిలోని మెరుపు, పియానో స్వరం మొదలయ్యే క్షణంలోని పదును కూడా అక్కడే పోతాయి.

స్ట్రీము నేరుగా వచ్చే ప్రసారం కన్నా అర నిమిషం దాకా ఆలస్యంగా రావచ్చు. రెండు గదుల్లో రెండు సెట్లు పెట్టుకోవాలనుకుంటే రెండూ ఒకే మార్గంలో ఉండాలి.

స్పీకర్, గది, వాల్యూమ్

ఫోన్ స్పీకర్‌తో వినొద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చెల్లో నాలుగు తీగలూ వేళ్లతో నొక్కకుండా వాయిస్తే వరసగా సుమారు 65, 98, 147, 220 హెర్ట్జ్‌లో మోగుతాయి. వయోలా అడుగు తీగ 131, వయొలిన్ అడుగు తీగ 196. ఫోన్‌లోని చిన్న స్పీకర్ 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. అంటే చెల్లో తీగలన్నిటి మూలస్వరాలూ గల్లంతే. మూలస్వరంతో పాటు దాని పైన సన్నగా మోగే స్వరాలను బట్టి మెదడు స్వరాన్ని ఊహించుకుంటుంది, అందుకే రాగం తెలిసినట్టే ఉంటుంది. కానీ కమాను బరువు రాదు. కింద పునాది లేని సంగీతంలో వయోలా వయొలిన్‌లాగే వినబడుతుంది, రెండిటినీ విడదీయలేరు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఈ సమస్య ఒక్క దెబ్బతో తీరుతుంది. వైరు ఉన్నవి వాడండి. బ్లూటూత్ అప్పటికే కుదించిన స్ట్రీమును మళ్లీ కుదిస్తుంది. స్పీకర్లయితే రెండిటి మధ్య దూరం, వాటి నుంచి మీ దూరం సమానంగా ఉండాలి. రెండు మీటర్ల త్రిభుజం చాలు. గోడకు కనీసం ఒక జానెడు రెండు జానలు ఎడంగా, చెవి ఎత్తులో పెట్టండి. మూలకు నెట్టేస్తే చెల్లో ఉబ్బి పక్కనున్న వయోలాను మింగేస్తుంది.

తర్వాత సెట్టులో ఇవన్నీ ఆపేయండి: బేస్ బూస్ట్, లౌడ్‌నెస్, సరౌండ్, ఈక్వలైజర్, నైట్ మోడ్, ఆటో వాల్యూమ్. ముఖ్యంగా చివరి రెండూ. అవి మెల్లని శబ్దాన్ని పెంచి గట్టిదాన్ని తగ్గిస్తాయి. పనిచేస్తున్నాయో లేదో కనిపెట్టడం తేలిక: సంగీతం ఆగిన క్షణంలో హాల్లోని దగ్గులు, కుర్చీల కిరకిరలు ఉన్నట్టుండి పెద్దవై, మళ్లీ వాయించగానే వెనక్కి పోతుంటే ఏదో ఒకటి ఇంకా ఆన్‌లోనే ఉంది. మీ సెట్టులో అన్నీ ఆపినా అలాగే ఉంటే స్టేషనే చేస్తోందన్నమాట. అప్పుడు అదే స్టేషన్ స్ట్రీములో విని చూడండి. ఎఫ్ఎంలో ఉన్నంత నొక్కుడు అక్కడ ఉండకపోవచ్చు.

వాల్యూమ్ విషయంలో నూటికి తొంభై మంది ప్రకటనకర్త గొంతును బట్టి పెడతారు. అక్కడే దెబ్బతింటారు. మైకు ముందు మాట్లాడే గొంతు, హాల్లో మెల్లగా వాయించే చెల్లో ఒక మట్టానివి కావు. గొంతుకు సరిపోయేలా పెడితే మొదటి నెమ్మది భాగం వినబడక పెంచుతారు, వెంటనే వచ్చే గట్టి భాగానికి ఉలిక్కిపడి తగ్గిస్తారు, కచేరీ అంతా చెయ్యి నాబ్ మీదే ఉంటుంది. మొదటి గట్టి ఘట్టం వచ్చేదాకా ఆగండి. అప్పుడు పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే గొంతు కాస్త పెంచాల్సి వచ్చేంత ఉండాలి. అక్కడ పెట్టి వదిలేయండి. మెల్లని భాగాలు చెవి రిక్కించి వినాల్సి వస్తే, హాల్లోనూ అంతే, స్వరకర్త కోరుకున్నదీ అదే.

నెమ్మది భాగం వచ్చేటప్పుడు ఫ్యాన్, ఏసీ ఆపండి. వాటి హోరు సరిగ్గా చెల్లో, వయోలా అడుగు స్వరాలుండే చోటే పడుతుంది.

చెవికి తర్ఫీదు

దీనికి ఆస్ట్రియా స్వరకర్త హైడన్ ఓపస్ 76 (ఓపస్ అంటే రచనల ప్రచురణ సంఖ్య) మూడో క్వార్టెట్, ‘ఎంపరర్’ పేరుతో పిలిచేది, దాని రెండో భాగం కన్నా మంచి పాఠం లేదు. హైడన్ 1797లో ఫ్రాన్సిస్ చక్రవర్తి కోసం కట్టిన గీతం బాణీ ఇది, నేటి జర్మనీ జాతీయగీతానిదీ ఇదే బాణీ. ముందు మొదటి వయొలిన్ బాణీని వినిపిస్తుంది. తర్వాత నాలుగు వేరియేషన్లు వస్తాయి, బాణీ మారదు, వాయించే చేతులు మారుతాయి. మొదటిదాంట్లో బాణీ రెండో వయొలిన్‌ది, మొదటి వయొలిన్ దాని చుట్టూ సన్నని స్వరాలు అల్లుతుంటుంది, మిగతా ఇద్దరూ ఊరుకుంటారు. రెండోదాంట్లో చెల్లో అందుకుంటుంది. మూడోది వయోలాది. నాలుగోదాంట్లో మళ్లీ మొదటి వయొలిన్‌కు చేరుతుంది, కానీ కింద స్వరాల కూర్పు పూర్తిగా వేరు.

కచేరీకి ముందురోజు ఈ ఏడెనిమిది నిమిషాల భాగాన్ని ఏదైనా రికార్డింగులో రెండుసార్లు వినండి. మొదటిసారి బాణీ వెంట వెళ్లండి. రెండోసారి బాణీని వదిలేసి, దాని పక్కన ఎవరు ఏం చేస్తున్నారో వినండి. మూడో వేరియేషన్‌లో వయోలా గొంతును గుర్తుపెట్టుకోండి: వయొలిన్ కన్నా మందంగా, కాస్త ముక్కుతో పలికినట్టు, చెల్లోకున్న గంభీరత లేకుండా ఉంటుంది. ఆ తర్వాత ద్వోర్జాక్ 1893లో రాసిన ‘అమెరికన్’ క్వార్టెట్ మొదలు వినండి. వయొలిన్లు మెల్లగా మెరుస్తుంటే మొదటి బాణీని ఎత్తుకునేది వయోలాయే. అది వయోలా అని ఎవరూ చెప్పకుండా తెలిసిందంటే మీ చెవి, మీ సెట్టు రెండూ సిద్ధం.

స్టీరియోలో కూర్చునే వరస కూడా సాయపడుతుంది. మామూలుగా ఎడమ చివర మొదటి వయొలిన్, దాని పక్కన రెండోది, కుడివైపు వయోలా, చెల్లో. ఈ ఇద్దరిలో ఎవరు చివర కూర్చుంటారన్నది బృందాన్ని బట్టి మారుతుంది. కొన్ని బృందాలు రెండు వయొలిన్లను ఎదురెదురుగా చెరో చివర కూర్చోబెడతాయి. మొదటి వయొలిన్ ఎప్పుడు విన్నా కుడివైపే వస్తుంటే హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నారేమో చూడండి.

కచేరీ నడుస్తుండగా

ఎక్కువ క్వార్టెట్లకు నాలుగు భాగాలు: చురుకైనది, నెమ్మదైనది, నాట్యపు నడకలో సాగే మినుయెట్ లేదా దానికన్నా చురుకైన షెర్జో, వేగమైన ముగింపు. రెండూ మూడూ తారుమారు కావచ్చు. భాగాల మధ్య చప్పట్లు కొట్టరు కాబట్టి నిశ్శబ్దాలు లెక్కపెట్టుకుంటే ఎక్కడున్నారో తెలుస్తుంది. ఈ లెక్క తప్పే రచనలను ముందే తెలుసుకోండి. బీథోవెన్ ఓపస్ 131లో ఏడు భాగాలు ఎక్కడా ఆగకుండా సుమారు నలభై నిమిషాలు సాగుతాయి. షొస్తకోవిచ్ 1960లో రాసిన ఎనిమిదో క్వార్టెట్‌లో ఐదు భాగాలూ అంతే.

హైడన్, మోట్సార్ట్ మొదటి భాగాల్లో తొలి మూడో వంతును తరచు రెండుసార్లు వాయిస్తారు. అది విసుగు పడాల్సిన చోటు కాదు. మొదటిసారి పైగొంతు వినండి, మళ్లీ వచ్చినప్పుడు వయోలా వెంట వెళ్లండి.

సెట్టు పాడైందనిపించి ఏంటెన్నా తిప్పడానికి లేచేముందు ఒక్క క్షణం ఆగండి, అది రచనలోనే ఉండొచ్చు. హైడన్ ఓపస్ 33 రెండో క్వార్టెట్ చివర బాణీ ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగుతుంది, తర్వాత పెద్ద నిశ్శబ్దం, మళ్లీ మొదటి ముక్క మెల్లగా, అంతే, అయిపోతుంది. సిగ్నల్ పోయిందనుకుని స్టేషన్ మార్చినవాళ్లకు అసలు చమత్కారం దక్కదు. స్మెతనా 1876 నాటి మొదటి క్వార్టెట్ చివరి భాగంలో హఠాత్తుగా ఒక సన్నని ఈల లేచి నిలబడుతుంది. అది సెట్టు కూత కాదు. చెవుడు వచ్చేముందు తన చెవిలో మోగిన హోరును స్మెతనా మొదటి వయొలిన్‌కు పై స్థాయి ‘ఇ’ స్వరంగా రాసిపెట్టాడు. ఆ చోటు తెలిసి వింటే ఒళ్లు జలదరిస్తుంది. బార్తోక్ నాలుగో క్వార్టెట్ నాలుగో భాగమంతా తీగలు వేళ్లతో మీటేదే. మధ్యమధ్య టప్పున చిట్లినట్టు వచ్చేది తీగను లాగి వదిలితే అది చెక్కకు తగిలే చప్పుడు. అదే రచన రెండో భాగంలో నలుగురి ధ్వనీ మసకబారితే స్పీకర్ పోలేదు, వాద్యాలకు ధ్వనిని తగ్గించే మ్యూట్ తగిలించారు. కమానును తీగలను మోసే బ్రిడ్జి దగ్గరికి జరిపితే గాజు గీసినట్టు పలచని ధ్వని వస్తుంది, బీథోవెన్ ఓపస్ 131 ఐదో భాగం చివర అది వినొచ్చు.

వాయించే ముందు ముక్కుతో గబుక్కున పీల్చిన ఊపిరి వినబడితే సంతోషించండి. కండక్టర్ లేని చోట మొదటి వయొలిన్ వాద్యకారులు చాలామంది ఆ ఊపిరితోనే మిగతా ముగ్గురికి వేగం చెబుతారు. అది వినిపించేంత దగ్గరగా మైకు, నిశ్శబ్దంగా మీ గది ఉన్నాయన్నమాట.

స్కోరు, అంటే నలుగురి స్వరాలూ రాసిన కాగితం, చూస్తూ వినాలనుకుంటే ఐఎంఎస్ఎల్‌పీ వెబ్‌సైట్‌లో కాపీరైట్ ముగిసిన రచనలు ఉచితంగా దొరుకుతాయి. నాలుగు వరుసలూ ఒకేసారి చదవబోతే రెండో పేజీకే దారి తప్పుతుంది. కన్ను ఒక్క చెల్లో వరుస మీద ఉంచండి, స్వరాలు తక్కువ, మెట్లు స్పష్టం. తప్పిపోతే పేజీలు వెతకొద్దు, అందరూ కలిసి ఆగే చోటు వచ్చేదాకా పేజీ మీద ఆ ఖాళీ దగ్గర కాచుకోండి. ప్రతి రచననీ ఇలా వినడం మాత్రం మంచిది కాదు, కాగితం చూసినంతసేపూ చెవి సగమే పనిచేస్తుంది. మొదటిసారి ఊరికే విని, తర్వాత మళ్లీ వినేటప్పుడు స్కోరు తీయండి.

మళ్లీ వినే సౌకర్యం చాలా స్టేషన్లు కొన్నాళ్ల పాటు ఇస్తాయి, కొన్ని తమ దేశంలో ఉన్నవాళ్లకే ఇస్తాయి. గడువు ఎంతో కార్యక్రమం పేజీలో రాసి ఉంటుంది, కచేరీ అయిన రోజే చూసిపెట్టుకోండి. చివర్లో అదనంగా వాయించే ఎన్‌కోర్ పేరు ముందు ఇచ్చిన జాబితాలో ఉండదు. వేదిక మీద వాద్యకారులే చెబుతారు, చాలాసార్లు చప్పట్లలో కలిసిపోతుంది. ప్రకటనకర్త తిరిగి చెప్పేదాకా కట్టేయకండి. అదీ అందకపోతే మొదలైన సమయం నిమిషంతో సహా రాసుకుని, మర్నాడు స్టేషన్ వేసే ప్లేలిస్టులో ఆ నిమిషం దగ్గర చూడండి.